విమానమునకు మేలుకట్టు

తెలుగునాట పెండ్లిపీటలమీది దంపతుల తలలపై కట్టు వస్త్రమునకును, ఊరేగు దేవునికి నీడపట్టు వితానమునకును, పెంకుటింటి నట్టింట దూలముల క్రింద మట్టియు చెదయు రాలకుండ బిగించు దుప్పటికిని మన పూర్వులు మేలుకట్టు అను ఒక్క పేరే పెట్టిరి. మేలు అనగా మీదు. మీద కట్టునది గనుక మేలుకట్టు. హైదరాబాదు పాతనగరమున ఉర్దూ మాటాడువారు దీనినే ఛత్‌గీరీ అందురు. టెంటుహౌసువారి నోట అది చాందినీ. వెనుకటి ఇంగ్లీషు బంగళాలలో సైతము పైకప్పునకు క్రిందుగా ముతక గుడ్డను గోడనుండి గోడకు లాగి బిగించి, దానిపై సున్నము పూసి, అదియే తెల్లని కప్పు అన్న భ్రమ కలిగించుచుండిరి. ఆ గుడ్డకు పైన ఎలుకలు పరుగిడు చప్పుడును, వానిని వెన్నాడు పాము జరజరయు క్రింద పండుకొన్నవారికి వినబడుచుండెను. మేలుకట్టు స్వభావమంతయు ఈ ఒక్క ముచ్చటలో ఇమిడియున్నది. క్రిందివారికి అది సొగసు. పైన జరుగుచున్నదానికి అది తెర.

ఇద్దరో నలుగురో కూర్చుండి పోవు చిన్న విమానమునకు గూడ ఇట్టి మేలుకట్టు ఒకటి కలదు. ఇంజనీర్లు దానిని హెడ్‌లైనర్ అందురు. కార్లకు అదే పనిచేయు మన కుషన్ వర్క్స్ వారు రూఫ్ లైనింగ్ అందురు. అది చినిగినపుడో, వ్రేలాడినపుడో, మాసినపుడో మార్చవలసివచ్చును. ఈ మార్పిడిని గోడకు వెల్లవేయుటవంటి అలంకారముగా తలచువారు పెక్కురు కలరు. నా అభిప్రాయము వేరు. ఏండ్లతరబడి ఎవరి కంటను పడక మూసియున్న విమానపు కప్పు బయలుపడు రోజు అది. ఆ రోజున గుడ్డను మాత్రమే చూచి కప్పును చూడనివాడు పనిలో సగమును వదలినవాడే.

విమానము పుట్టిననాడు గుడ్డ దాని లోపల లేదు, వెలుపల నుండెను. మన హైదరాబాదు నగరమునకు ఈ కథతో సంబంధము కలదు. మొదటి ప్రపంచయుద్ధము తుదినాళ్లలో, 1918లో, బ్రిటిషు వాయుసేనయందలి 110వ దళమునకు డీహెచ్-9ఏ అను విమానములు సమకూడినవి. వానికి ధనమిచ్చినవాడు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్. అందుచేతనే ఆ దళము పేరున హైదరాబాదు చేరి నిలిచినది. ఆ విమానముల అస్థిపంజరము కొయ్య, చర్మము అవిసెనార గుడ్డ. ఆ గుడ్డపై డోపు అను సెల్యులోజు లేపనమును పొరలుపొరలుగా పూయుదురు. అందలి ద్రావకము ఆవిరియగుకొలది లేపనము ముడుచుకొని గుడ్డను తప్పెట చర్మమువలె బిగించును. రెక్క ఆకారము నిలుచుట ఆ బిగువువలననే. ఇక కూర్చుండు చోటునకు కప్పే లేదు. పైలటు తలపై మేలుకట్టు ఆకాశమే.

రెండవ యుద్ధము ముగియువేళకు ఈ వరుస తలక్రిందులైనది. 1945లో నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేటనుండి డకోటాలను నడపెను. 1953లో జాతీయీకరణమున అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమయ్యెను. డకోటా ఒడలు అల్యూమినియపు రేకు. యుద్ధములో సైనికులను, సరకులను మోసిన డకోటాల లోపల కప్పు లేదు, గోడ లేదు, ఉత్త లోహపు ప్రక్కటెముకలే; యుద్ధానంతరము బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమున ఇట్టివానిని పెక్కింటిని బాగుచేసి మన దేశపు కంపెనీలకు ఇచ్చిరి. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్న మనిషి రేకు చప్పుడు నడుమ, రేకు వేడి నడుమ కూర్చుండడు గదా. కావున ప్రయాణికుల విమానమునకు రేకును ఆనుకొని చప్పుడు మ్రింగు పొరయు, దానిపై కంటికింపైన పొరయు అవసరమైనవి. ఇట్లు గుడ్డ వెలుపలినుండి లోనికి వచ్చినది. వెలుపల దానిపని గాలిని పట్టుట. లోపల దానిపని మనిషిని ఓదార్చుట. రెండు రకములును కొంతకాలము ప్రక్కప్రక్కనే జీవించినవి: 1958లో బెంగుళూరున మొదట ఎగిరి, తరువాత దేశమందలి ఫ్లయింగ్ క్లబ్బులలో పెక్కింట వ్యాపించిన పుష్పక్ ఉక్కు గొట్టముల పంజరముపై గుడ్డ కప్పిన విమానమే.

బేగంపేటలోను, పాతనగరమునకు దక్షిణపు దిక్కుననున్న నాదర్‌గుల్ లోను విద్యార్థులు ఎగురుట నేర్చిన విమానములు ఎక్కువగా సెస్నా కంపెనీవి. అందు 172 అను నమూనా 1956 నుండి నేటివరకు నలుబది నాలుగు వేలకు మించి తయారైనది. ప్రపంచమున అంత సంఖ్యలో కట్టబడిన విమానము వేరొకటి లేదు. 1986 నుండి పదియేండ్లపాటు దాని తయారీ ఆగినది. తమ్ముడనదగిన 152 తయారీ 1985తో సరి. కావున నేడు ఎగురుచున్న వానిలో పెక్కింటికి నలుబది ఏండ్లు దాటినవి. ఇంజనును ఇన్ని గంటలకని విప్పుదురు, ప్రొపెల్లరును ఇన్ని గంటలకని పరీక్షింతురు. తలపైనున్న గుడ్డకు మాత్రము అట్టి గడువు లేదు. తానుగా వ్రేలాడి పైలటు నెత్తిన తగిలిననాడే దాని గోడు విందురు.

ఎందుకు వ్రేలాడును? ఈ మేలుకట్టులలో రెండు కులములు కలవు. పాత పద్ధతిలో కప్పు వంపుననుసరించి ప్రక్కనుండి ప్రక్కకు విల్లులవలె వంచిన సన్నని ఉక్కు తీగెలు నాలుగైదుండును. గుడ్డ వెనుకవైపున కుట్టిన గొట్టపు మడతలలో ఆ తీగెలు దూరియుండును, లంగా నాడా నేఫాలో దూరియున్నట్లు. అంచులను కిటికీలపైన, తలుపులపైన పండ్లున్న సన్నని లోహపు పట్టీలకు గ్రుచ్చి, పైన ప్లాస్టిక్కు అంచుతో కప్పుదురు. ఈ కులపు గుడ్డ మాసిపోవును, ఎండకు పిగులును, కుట్లు వదలును. కాని హఠాత్తుగా రాలిపడదు. తరువాతి పద్ధతిలో గట్టి అట్టవంటి పలకపై గుడ్డను జిగురుతో అంటింతురు. గుడ్డకు వెనుక రెండు మూడు మిల్లీమీటర్ల మెత్తని నురుగుపొర యుండును. ఈ నురుగు పాలియురెథేన్. దానిలో ఒక తెగ తేమ తగిలి విచ్చిపోవును. నీటి అణువు ఎస్టరు బంధమున దూరి దానిని ఖండించును. వేరొక తెగ తేమకు తట్టుకొనును గాని, వెలుతురునకును వేడికిని, గాలిలోని ఆక్సిజనునకును లొంగును. హైదరాబాదున రెండు శత్రువులును ఉన్నవి: మే నెలలో 40 డిగ్రీలు దాటు ఎండ, వెంటనే జూను నుండి తడిగాలి. ఎండలో మూసియుంచిన విమానపు గదిలో గాలి 60 డిగ్రీలకు పోవుట వింత కాదు. కొన్నేండ్లకు నురుగు పసుపుపచ్చని పొడియగును. గుడ్డయు చెడలేదు, జిగురును చెడలేదు, నడుమనున్నది మాయమైనది. అట్టి గుడ్డను మరల జిగురుపెట్టి అంటింపజూచుట పొడిపై సున్నము పూయుటవంటిది, అదియు రాలును.

పని మొదలుపెట్టుదము. ఆసనములు బయటికి వచ్చును. లేనిచో ప్రతి కదలికయందును నడుము విరుగును. తరువాత కిటికీల చుట్టునున్న ప్లాస్టిక్కు అంచులు, గదిదీపము, గాలిరంధ్రముల మూతలు, సన్‌వైజర్లు వరుసగా విప్పవలెను. నలుబది ఏండ్ల ప్లాస్టిక్కు పెంకువలె పెళుసు. మర ఒకటి మొండికెత్తినచో బలము చూపక నూనెచుక్క వేసి కాచుకొనుట మేలు. పిదప అంచులను పట్టీల పండ్లనుండి తప్పింతురు. ఇచ్చట చేతులకు తోలు తొడుగులు లేనివాడు నెత్తురు చూడక మానడు. విల్లుతీగెలను ఒక్కొక్కదానినే జారవిడుచునపుడు ముందునుండి వెనుకకు 1, 2, 3 అని సంఖ్యలు వ్రాసిన టేపు అంటింపవలెను. చూపునకు అన్నియు ఒకటే. కాని కప్పు ముందు వెడల్పు, తోకవైపు ఇరుకు. ఒకదాని చోట వేరొకటి పెట్టినచో గుడ్డ ఒకచోట ముడుచుకొనును, ఒకచోట వదులుగా వ్రేలును.

గుడ్డ క్రిందికి దిగినది. ఇప్పుడు తలపైకెత్తి చూడవలెను.

కప్పురేకు లోపలితట్టు, దానిని మోయు అడ్డకమ్ములు, రివెట్ల వరుసలు, రెక్కల వెనుకటి కదలు తట్టులను నడపుచు ఒక రెక్కనుండి వేరొక రెక్కకు పోవు తీగత్రాళ్లు, రెండు ఇంధనపు తొట్ల గాలిని కలుపు గొట్టము, కప్పుపై నాటిన ఆంటెన్నాల మొదళ్లు, వాని తీగెలు అన్నియు అచ్చటనే యుండును. సెస్నావంటి పైరెక్క విమానమున రెక్కల బరువును, రెక్కలు మోయు బరువును ఆ కప్పు దగ్గరనే శరీరమునకు అందును. ఒక హాంగరులో ఇట్టి పని జరుగుచుండగా నేను నిచ్చెనపీటపై నిలిచి లాంతరుదీపముతో చూచితిని. మొదట కనబడినది రేకు కాదు. దానికి అంటించియున్న గాజునూలు పొర. చేతితో నొక్కగా చల్లగా తగిలెను. వానకాలమైనను ఆ విమానము మూడు దినములుగా పందిరి క్రిందనే యుండెను. కురిసిన వాన దానిపై పడలేదు. మరి తడి ఎచ్చటిది?

విమానమును ఆరుబయట నిలిపిన రాత్రులందు తెల్లవారుజామున రేకు తన వేడిని ఆకాశమునకు వెదజల్లి చుట్టునున్న గాలికంటెను చల్లబడును. లోపలి గాలిలోని ఆవిరి ఆ చల్లని రేకును తాకి నీటిబొట్టులగును. చలివేళ మన ఇంటి గాజు కిటికీకి చెమట పట్టినట్లే. గాజునూలు లేని చోట ఆ బొట్టు పగలు ఆరిపోవును. గాజునూలు ఉన్నచోట అది దాగుకొనును, వారములతరబడి రేకును అంటిపెట్టుకొనియుండును. విమానపు రేకు రాగి కలిసిన అల్యూమినియము. బలము రాగివలన వచ్చినది, తుప్పునకు లోబడు గుణమును రాగివలననే వచ్చినది. అందుచే ఆ మిశ్రలోహపు రేకునకు రెండువైపుల శుద్ధ అల్యూమినియము పలుచని కవచముగా అదిమియుందురు. తడి నిలిచి, ధూళిలోని ఉప్పుతో కలిసి ఆ కవచమును తొలిచినచో తెల్లని పొడి కనబడును. ఎలుక ఒకటి ఆ మెత్తని గూటిలో పిల్లలను పెట్టియుండెనా, దాని మూత్రము చేయు నష్టము వానకంటె ఎక్కువ. వెనుకటి బంగళా మేలుకట్టుపైని ఎలుక ఇచ్చటికిని వచ్చినది.

ఆ విమానమున మేము చూచిన తెల్లపొడి ఆంటెన్నా మొదట రూపాయిబిళ్లంత మేర. ఆంటెన్నా చుట్టు పూసిన సీలెంటు పగిలి, చినుకు చినుకుగా నీరు దిగినది. ఇంజనీరు దానిని గోకి, లోతు కొలిచి, రేకు మందము హద్దులో నున్నదని నిశ్చయించి, శుభ్రపరచి, ప్రైమరు పూసి, సీలెంటు మార్చి లాగుబుక్కున వ్రాసెను. గుడ్డ మార్చనిచో అది మరి పదియేండ్లు అట్లే తినుచుండెడిది. గుడ్డ విప్పినవారికి నేను మ్రొక్కి చెప్పునది ఒక్కటే: మరల కప్పుటకు తొందరపడకుడు. ఒక దినము, రెండు దినములు ఆ కప్పును బోసిగా విడువుడు. తీగత్రాళ్లు కప్పీలపై సాఫీగా నడచుచున్నవో లేదో, తంతులు తెగి ముండ్లవలె నిలిచినవో లేదో గుడ్డముక్కతో తడవి చూడుడు. తెగిన తంతు గుడ్డను పట్టి పీకును. ఆంటెన్నా తీగె మార్చవలసియున్నచో ఇదే ముహూర్తము. తిరిగి మూయుటకు ముందు సూదులు, మరలు, కత్తెరలు అన్నియు లెక్కపెట్టుడు. కప్పీలో పడిన ఒక్క మర రెక్కతట్టును కదలనీయకపోవచ్చును.

ఇక గుడ్డ సంగతి. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ చార్మినారునకు ఉత్తరమున కట్టించిన పత్తర్‌గట్టి రాతికమానుల క్రింద దొరకని గుడ్డ లేదు. పట్టు, జరీ, మఖమలు, నూలు, ఉన్ని అన్నియు కలవు. ఒక మధ్యాహ్నము ఆ అంగళ్లలో తిరుగుచు, ఇందులో ఏది విమానమునకు పనికివచ్చునని నాలో నేను ప్రశ్నించుకొంటిని. చేతికి ఏ గుడ్డ నచ్చినను జవాబు ఒక్కటే వచ్చినది: ఇది నిప్పునకు ఎట్లు ప్రవర్తించునో ఎవరు చెప్పగలరు?

నిప్పు విషయమున వస్త్రముల జాతిభేదము మిక్కిలి పెద్దది. మన చుట్టునున్న గాలిలో ఆక్సిజను వందకు 21 పాళ్లు. ఏ వస్త్రము అంతకు తక్కువ ఆక్సిజనులోనే మండగలదో అది నిప్పంటిన తరువాత తనంతట తాను మండుచునే యుండును. అంతకంటె ఎక్కువ కోరునది మంటను తొలగించినంతనే ఆరును. నూలునకు సుమారు 18 పాళ్లు చాలును. అందుచేతనే మన నూలు పందిళ్లు ఒక్క నిప్పురవ్వకు నిలువున దగ్ధమగును. ఉన్నికి సుమారు 25 పాళ్లు కావలెను. ఉన్నిలో నత్రజని, గంధకము ఉన్నవి. గాలిలోని తేమను అది తన బరువులో మూడవవంతువరకు తడిగా తోపకయే దాచుకొనును. మండినను కరగి చినుకులుగా రాలక బొగ్గువలె ఉబ్బి తన క్రిందిదానిని కప్పును. నోమెక్స్ అను కృత్రిమనారకు సుమారు 28 పాళ్లు వలయును. నైలాను, పాలియెస్టరు కరగి కారును. తలపైని గుడ్డ కరగి బొట్లుబొట్లుగా మంటతో రాలుట కంటె భయంకరమైనది ఏమున్నది?

అందువలన పరీక్షలు పెట్టిరి. గుడ్డపేలికను నిలువుగా వ్రేలాడదీసి క్రింది అంచునకు బర్నరు మంటను పట్టుదురు. అమెరికా నియమములందలి ఒక పరీక్షలో మంటను 12 సెకనులు పట్టి తీసివేయుదురు. కాలిన మేర 8 అంగుళములకు మించరాదు, మంట తీసిన తరువాత 15 సెకనులకు మించి మండరాదు, రాలిన బొట్టు 5 సెకనులకు మించి వెలుగరాదు. పెద్ద విమానముల కప్పు పలకలకు పరీక్ష ఇంకను కఠినము: మంట 60 సెకనులు, కాలిన మేర 6 అంగుళములు, రాలిన బొట్టు 3 సెకనులు. చిన్న విమానములకు పాతనియమము కొంత సడలింపుగానే యుండెను. జ్వాలను నిరోధించునదై యుండిన చాలుననెను. కాని మనసున్న యజమాని 12 సెకనుల పరీక్షకు నిలువని గుడ్డను తన పిల్లల తలలపై కట్టడు.

ఇట్టి నియమములు ఎవరో బల్లముందు కూర్చుండి ఊహించినవి కావు. 1983 జూను 2వ తేదీన ఎయిర్ కెనడా వారి డీసీ-9 విమానము వెనుక మరుగుదొడ్డిలో నిప్పు పుట్టి, పొగతో నిండి సిన్సినాటిలో దిగెను. తలుపులు తెరచిన నిమిషము నిమిషమున్నరలో లోపలిదంతయు ఒక్కసారి భగ్గుమనెను. 46 మందిలో 23 మంది చనిపోయిరి. నేల తాకిన విమానములో, తెరచిన తలుపులకు కొన్ని అడుగుల దూరములో మనుష్యులు చచ్చుట లోకమును కలచివేసినది. ఆసనపు నురుగులు, గోడలు, కప్పులు ఏ పదార్థముతో చేయవలెనను నియమములు ఆ దశకమున బిగిసినవి.

ఇందు ఒక మెలిక కలదు. ఎరిగినవారు గూడ దీనిని మరతురు. గుడ్డ ఒంటరిగా పరీక్షలో గెలువవచ్చును. నురుగు ఒంటరిగా గెలువవచ్చును. రెంటిని జిగురుతో కలిపిన పొర ఓడిపోవచ్చును. జిగురే ఇంధనమగును. కావున కట్టబోవు వరుసలోనే, గుడ్డ, నురుగు, జిగురు కలిపి పేలిక తయారుచేసి కాల్చిచూపవలెను. అట్లే మంటను ఆపు లవణములతో తడిపి ఆరబెట్టిన గుడ్డలు కొన్ని కలవు. వానిలో కొన్నిటి లవణము నీటితో కడిగినచో పోవును. మాసినదని సబ్బునీటితో ఉతికిన గుడ్డ కంటికి తెల్లనిదై, నిప్పునకు పాతనూలు గుడ్డయే యగును.

గుడ్డను ఎన్నుకొన్న తరువాత కొలత. శాలిబండ నుండి ఫలక్‌నుమా వైపు పోవు దారిలో ఒక కుషన్ అంగడిలో పాత అంబాసిడర్ కారుకు రూఫ్ లైనింగ్ మార్చుచుండగా చాలసేపు నిలిచి చూచితిని. ఆ పనిలోని వృద్ధుడు పాతగుడ్డ కుట్లను బ్లేడుతో ఒక్కొక్కటిగా విప్పి, ముక్కలను సాపుచేసి, వెనుకవైపున సుద్దతో గీతలు పెట్టి మడచుచుండెను. “చాచా, చినిగిన గుడ్డ గదా, ఇంత భద్రము ఏల?” అని అడిగితిని. “నాప్ ఇందులోనే ఉన్నది సాబ్” అని, తల యెత్తక తన పని తాను చేసికొనెను. నాప్ అనగా కొలత. టేపుతో ఎంత కొలిచినను వంపుతిరిగిన కప్పు కొలత దొరకదు. బల్లపరుపైన గుడ్డ రెండువైపుల వంపుగల తలమును ముడుత లేక కప్పజాలదు. నారింజ తొక్కను బల్లపై పరచబోయిన పిల్లవానికి గూడ ఇది తెలియును. అందుచే గుడ్డను ముక్కలుగా కోసి, ప్రతి ముక్క అంచును లెక్కప్రకారము వంచి కుట్టుదురు. వంపు ఆ కుట్టులో దాగియుండును. పాతగుడ్డ ఆ లెక్కను ఎన్నడో వేసిపెట్టినది.

నేతలోని విద్యయు ఇచ్చట పనిచేయును. పడుగువెంబడి లాగిన గుడ్డ సాగదు; పేకవెంబడి కొంచెము సాగును; ఏటవాలుగా, అనగా దర్జీలు క్రాస్ అను దిక్కున, లాగినచో నిలువుచతురము వాలుచతురమై బాగుగ సాగును. ముక్కలన్నిటను పడుగు విమానపు పొడవువెంబడియే పోవునట్లు కోయనిచో ఒక ప్రక్క బిగిసి వేరొక ప్రక్క వాలును. ఆ వాలు తరువాత ఏ జిగురుతోను దిద్దరాదు. ముందుగా క్రొత్తగుడ్డ నడుమ సుద్దతో నిట్టనిలువు గీత గీయుదురు. కప్పు నడుమ వేరొక గీత. ఆ రెంటిని కలిపి, నడుమనుండి ప్రక్కలకు, ఒక చేయి ఎడమకు లాగినచో వేరొక చేయి అంతే కుడికి లాగుచు బిగింతురు. తీగెకును తీగెకును నడుమ గుడ్డ గుఱ్ఱపుజీనువలె ఒకవైపు పైకిని ఒకవైపు క్రిందికిని వంగును. బిగువు నాలుగుదిక్కుల సరిగా నున్నచో ఏర్పడు సహజరూపము అదే. డేరాలు కుట్టువారికి ఈ రూపము చేతికి తెలియును. గణితజ్ఞులకు సమీకరణమున తెలియును.

ఉన్నిగుడ్డయైనచో తుదిముడుతలను ఆవిరితో తీయవచ్చును. ఉన్నిపోగులోని కెరాటిన్ అణుమాలలను కట్టియుంచు హైడ్రోజను బంధములు వేడి ఆవిరి తగులగనే సడలును. పోగు కొంత సాగి, చల్లారి ఆరునపుడు క్రొత్త స్థానమున బంధములు మరల బిగియును. ఇస్త్రీపెట్టె రహస్యము ఇదియే. ఈ ఉపకారము నైలానునకు చేయబోయినచో అది మెరిసి ముడుచుకొనును.

అంచులకు వాడు రబ్బరుజిగురును రెండు తలములకును పూసి, ద్రావకము ఆవిరియై వ్రేలికి అంటీ అంటని దశకు వచ్చువరకు కాచి, అప్పుడు అదుమవలెను. తొందరపడి తడిమీద అదిమినచో లోపల చిక్కిన ద్రావకము జిగురును గట్టిపడనీయదు; మే నెల మొదటి ఎండకే అంచు లేచును. ఆ ఆవిరి మత్తుగొలుపునది, మండునది. తలుపులు తెరచి, దగ్గర నిప్పు లేక, ముక్కునకు తగిన మాస్కు కట్టి పనిచేయవలెను.

చప్పుడును గురించి ఒక భ్రమ తొలగింపవలెను. లావైన గుడ్డ వేసినచో ఇంజను హోరు తగ్గునని యజమానులు ఆశపడుదురు. నిమిషమునకు 2400 చుట్లు తిరుగు ఇంజను సెకనుకు 40 చుట్లు తిరుగును. రెండు రెక్కల ప్రొపెల్లరు సెకనుకు 80 మార్లు గాలిని కొట్టును. నాలుగు సిలిండర్ల ఇంజనులో పేలుడులును సెకనుకు 80యే. ఆ స్వరపు తరంగదైర్ఘ్యము నాలుగు మీటర్లకు పైబడినది. మెత్తనిపొర చక్కగ పనిచేయుటకు దాని మందము తరంగమున నాలుగవవంతు దరిదాపున నుండవలెను. అనగా మీటరు లావు దూదిపరుపు! గుడ్డయు ఫెల్టును మ్రింగగలుగునది గాలి ఈలలను, రేకు గలగలలను మాత్రమే. చెవికి అదియు సుఖమే. హోరునకు హెడ్‌సెట్టే గతి.

బరువు సంగతి చిన్నది. కప్పుగుడ్డ నాలుగు చదరపు మీటర్లకు మించదు. మీటరుకు 300 గ్రాములనుకొన్నను కిలోకు కొంచెము పైన. అయినను తీసినదానిని, పెట్టినదానిని తూచి వ్రాయవలెను. తడిసిన గాజునూలు తీసివేసిన పిమ్మట విమానము తేలికయగుటయు కలదు.

మన దేశమున 1937 నాటి విమాన నియమావళి ప్రకారము యోగ్యతాపత్రమున్న విమానమునకు చేసిన పనిని లైసెన్సుగల ఇంజనీరు పరీక్షించి సంతకము చేయనిది అది ఎగురరాదు. పాతనగరపు కుషన్ పనివానికి అట్టి లైసెన్సు లేదు; లైసెన్సుగల ఇంజనీరునకు అట్టి చేయి సామాన్యముగా ఉండదు. చౌమహల్లా ప్రాసాదమున నేడును చూడదగిన 1912 నాటి పసుపు రోల్స్‌రాయిసు కాలమునుండి ఈ నగరమున బండ్ల లోపలి గుడ్డపని తెలిసినవారు లేకపోలేదు. ఇంజనీరు గుడ్డను ఎన్నుకొని, కాల్చి పరీక్షించిన పత్రమును తెప్పించి, పని ముందర నిలువవలెను. కోతయు కుట్టును ఆ చేతికి వదలవలెను. గౌరవమును, తగిన కూలియు ఇచ్చి పిలిచినచో ఆ చేయి వచ్చును. విమానపు యజమానులు ఈ రెండు విద్యలను ఒకచోట కూర్చవలెనని నా ప్రార్థన.

మరియొక మాట. క్రొత్తగుడ్డ కట్టి, తీగత్రాళ్లను తడవి చూచి, పనిముట్లను లెక్కపెట్టి, ఇంజనీరు సంతకము పెట్టువరకు పాతగుడ్డను పారవేయకుడు. కుట్లు విప్పిన ముక్కలకు సంఖ్యలు వేసి, తీగెలకు కట్టిన టేపులతో కలిపి ఒక సంచిలో భద్రపరచుడు. కొలత అందులోనే ఉన్నది.